బీజమా, క్షేత్రమా?



బీజము గొప్పదా, క్షేత్రము గొప్పదా యను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మన ధర్మశాస్త్రకారులు దీనిని చర్చించిరి. కొందఱు బీజమే ప్రధానమనిరి. కొందఱు క్షేత్రమే ప్రధానమనిరి. కొందఱు రెండును ప్రధానములే యనిరి. బాల్యమున గురువుగారి యెదుట కూర్చుండి నేనీ చర్చను వల్లించితిని. పిమ్మట ముప్పదియైదేండ్లు బడిలో పిల్లలకు తెలుగు చెప్పితిని. కాని యా ప్రశ్న నా సొంత మడిలోనే నా కెదురై, నాచేత నొక తప్పు చేయించి, తరువాత నొక లెక్క నేర్పునని నేనెన్నడు ననుకొనలేదు. ఆ తప్పును, ఆ లెక్కను నేడు మీతో చెప్పుకొనవలెనని వచ్చితిని.

నాకు కాలువక్రింద రెండెకరముల పల్లపు భూమి కలదు. అందు సాంబ మసూరి వేయుట మా యింటి వాడుక. అది బాపట్ల పరిశోధన క్షేత్రమున పుట్టి, 1986వ సంవత్సరమున రైతులకు విడుదలయైన వంగడము. నేను ఉద్యోగము విరమించిన యేడు, కోతకు ముందు చేనిలో తిరుగుచుండగా, కొన్ని దుబ్బులు తక్కినవానికంటె బలిసి, నిడుపైన వెన్నులతో వంగియుండుట చూచితిని. సంతోషించి, ఆ వెన్నులను మాత్రమే కోయించి, వేఱుగా నూర్పించి, మఱుసటి యేటికి విత్తనముగా దాచితిని. రెండవ యేడును, మూడవ యేడును అట్లే చేసితిని. పంతులుగారు ఏరిన విత్తనమని ఊరిలో పేరు వచ్చెను. నేను దానిని కాదనలేదు. సరికదా, మెచ్చుకొన్నవారితో ఎకరమునకు రెండు మూడు బస్తాలు ఎక్కువ రాలునని కూడ పలికితిని.

ఆ మాట విన్నవారిలో నా పూర్వశిష్యుడొకడు కలడు. అతడు మూడెకరములు కౌలుకు చేయువాడు. ఒక బస్తా విత్తనమునకు రెండు బస్తాల ధాన్యము కొలిచి తీసికొనిపోయెను. అంతటితో ఆగలేదు. పంట హెచ్చునను నమ్మకముతో, భూమి యజమానికి ఎకరమునకు రెండు బస్తాల చొప్పున కౌలు పెంచుటకు ఒప్పుకొనెను. కోతలైనవి. పంట ఎప్పటివలెనే వచ్చెను. ప్రక్కచేనికంటె ఒక్క బస్తాయు ఎక్కువ రాలలేదు. కౌలు మాత్రము పెరిగెను. అతడు నన్నొక్క మాటయు ననలేదు. “పంట మన చేతిలో ఉన్నదా, పంతులుగారూ! దైవాధీనము” అని మాత్రము పలికెను.

ఆ మాట నాకు నిద్ర లేకుండ జేసెను. దైవాధీనమో, నా తప్పో తెలిసికొనవలెనని తోచెను. మా యూరివాడే, వ్యవసాయశాస్త్రము చదివి పరిశోధన క్షేత్రమున పనిచేయుచున్న మఱియొక శిష్యుడు పండుగకు వచ్చినపుడు, వానిని పిలిచి సంగతియంతయు చెప్పితిని. వాడు నన్నొక్కటే యడిగెను. “ఆ బలిసిన దుబ్బులు చేనిలో ఏ చోట ఉండెనండీ?”

నేను జ్ఞప్తికి దెచ్చుకొంటిని. కొన్ని బోదె మడిలో పడు చోట నుండెను. కొన్ని వేసవిలో గత్తము కుప్పపోసిన చోట నుండెను. మఱికొన్ని గట్టువెంబడి, ప్రక్కన పోటీపడు దుబ్బు లేక ఎండ బాగుగా తగులు చోట నుండెను. చెప్పుచుండగనే నా నోరు మూతపడెను. నేను మూడేండ్లు ఏరినది మంచి బీజమును కాదు, మంచి చోటును. చోటును బస్తాలోనికెత్తి ఒకరికి ఇచ్చుట సాధ్యమా?

ఈ పొరపాటు నా యొక్కనిదే కాదనియు, దీనిని నూరేండ్లకు పూర్వమే యొక పండితుడు పరీక్షించి చూపెననియు ఆ శిష్యుడు చెప్పెను. డెన్మార్కు దేశమున యోహాన్సెన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు చిక్కుడుజాతి గింజలను తూచి, వాని బరువులపై శోధన చేసెను. పలు వంశములు కలిసియున్న గింజలలో బరువైనవానిని ఏరి నాటగా, వాని సంతతి గింజలును సగటున బరువైనవిగా నుండెను. తరువాత నతడు ఒక్కొక్క గింజనుండి వచ్చిన సంతతిని వేఱువేఱుగా పెంచి, 19 శుద్ధవంశములను ఏర్పఱచెను. ఆ వంశములలో ఒక్కొక్కదానియందు పెద్ద గింజలును చిన్న గింజలును ఉండెను. కాని యొకే వంశములోని పెద్ద గింజను నాటినను, చిన్న గింజను నాటినను, వచ్చిన సంతతి సగటు బరువు ఒక్కటియే. పలు తరములు వరుసగా ఏరినను మార్పు కలుగలేదు. ఈ శోధన తొలి ఫలితములను అతడు 1903లో ప్రకటించెను.

వరియు చిక్కుడువలెనే తన పుప్పొడితో తానే ఫలించునది. పరిశోధన క్షేత్రమునుండి శుద్ధిచేసి వచ్చిన వంగడములో, కేళీలు తప్ప, దుబ్బులన్నియు ఇంచుమించు ఒక్క బీజమువే. అట్టి చేనిలో కానవచ్చు తారతమ్యము నీటిది, ఎఱువుది, ఎండది. మన తాతల నాటు రకములు అట్టివి కావు. ఒక్క చేనిలోనే పెక్కు వంశములు కలగలిసి యుండెడివి. అందుచే వారు వెన్నులేరిన ఫలము కలిగెడిది. తాతల పద్ధతి తప్పు కాదు. అది ఫలించు చేను వేఱు, నేను చేసిన చేను వేఱు.

వంశభేదము నిజముగా నున్నచోట ఏరుట యెంతటి ఫలమిచ్చునో చూపుటకు అమెరికాలోని ఇల్లినాయిస్ సాక్ష్యము కలదు. అచ్చటి వారు 1896లో మొక్కజొన్న కంకులను తీసికొని, నూనె యెక్కువగా నున్నవానిని ఏటేట ఏరి విత్తుచు వచ్చిరి. మొదట గింజలో నూనె నూటికి సుమారు 5 వంతులు. నూఱు తరములకు అది సుమారు 20 వంతులయ్యెను. మొక్కజొన్న యొక మొక్క పుప్పొడి మఱియొక మొక్కపై పడి ఫలించునది గనుక, అందు వంశభేదము సమృద్ధిగా నుండెను. ఏరుటకు సరకు దొరికెను. నా మడిలో సరకే లేదు.

ఇక ప్రశ్న యేమనగా, కంటికి కనబడు భేదములో బీజము వంతెంత, క్షేత్రము వంతెంత యని యేరీతిని తెలిసికొనుట? ఒక్క మొక్కను చూచిన తెలియదు. ఒక్క మడిని చూచినను తెలియదు. ఏలయన బీజమును క్షేత్రమును అచ్చట పాలును నీరువలె కలిసియున్నవి. వానిని విడదీయు హంస యొక్కటియే: ఒకే బీజమును పలుచోట్ల మరల మరల విత్తుట. ఒకే రకము నాలుగు చోట్ల నాలుగు విధములుగా పండినచో, ఆ భేదము బీజముది కాదని స్పష్టము. అన్ని చోట్లను ఒక రకము మఱియొకదానిని మించుచున్నచో, ఆ భేదములో బీజమునకు వంతున్నదని స్పష్టము.

దీనికి శాస్త్రరూపమిచ్చినవాడు ఇంగ్లండు దేశస్థుడు ఫిషర్. 1843 నుండి ఎఱువుల శోధనలు జరుగుచున్న రోథామ్‌స్టెడ్ క్షేత్రమున అతడు 1919లో చేరెను. క్షేత్ర పరీక్షకు మూడు నియమములను స్థాపించెను. ప్రతి రకమును పలుమాఱు లుంచవలెను. ఏ రకము ఏ మడిలో పడవలెనో మన యిష్టముచే గాక చీట్లు వేసి నిర్ణయింపవలెను. నేలను ఇంచుమించు సమానమగు భాగములుగా విభజించి, ప్రతి భాగములోను అన్ని రకములను వేయవలెను. అంతకు ముందే, 1918లో, భేదముల పరిమాణమునకు అతడొక కొలతను పేర్కొనియుండెను. దానిని మనము విస్తృతి యందము. సగటునుండి ప్రతి ఫలము ఎంత దూరమున్నదో చూచి, ఆ దూరమును దానితోనే గుణించి, అన్నిటిని కూడి, తగిన సంఖ్యచే భాగించినచో విస్తృతి వచ్చును. తనతో తానే గుణించుట యెందుకనగా, ఎక్కువలును తక్కువలును ఒకదానినొకటి కొట్టివేయకుండుటకు.

నా శిష్యుడు పలకపై వేసి చూపిన లెక్కను మీకును చెప్పెదను. ఇది నిజముగా జరిగిన పరీక్ష కాదు. బోధకొఱకు కల్పించుకొన్న యంకెలు. నాలుగు వరి రకములు, మూడు నేల భాగములు, ప్రతి భాగములోను ప్రతి రకమునకు ఒక్కొక్క చిన్న మడి. ఫలము కిలోలలో.

మొదటి రకమునకు మూడు భాగములలో వరుసగా 16, 22, 22, సగటు 20.
రెండవ రకమునకు 21, 21, 27, సగటు 23.
మూడవ రకమునకు 25, 28, 25, సగటు 26.
నాలుగవ రకమునకు 18, 17, 22, సగటు 19.

పండ్రెండు మడులకు సగటు 22. ఇందు మూడవ రకము మేలైనదిగా తోచుచున్నది. కాని మూడవ భాగమును మాత్రమే చూచిపోయినవాడు 27 పండిన రెండవ రకమునే కొనియాడును. రెండవ భాగమును మాత్రమే చూచినవాడు మొదటి రకము రెండవదానికంటె మేలని ప్రమాణము చేయును. ఒక్క మడిని చూపి విత్తనమమ్ము వారి మాట యెంత నమ్మదగినదో ఇందే తెలియుచున్నది.

పండ్రెండు ఫలములు సగటునుండి తొలగిన దూరముల వర్గములను కూడినచో 158 వచ్చును. దీనిని మూడు వాటాలుగా పంచవచ్చును. రకముల సగటులు వేఱగుటవలన వచ్చినది 90. నేల భాగములు వేఱగుటవలన వచ్చినది 32. ఈ రెంటికిని లొంగక మిగిలినది 36. ఆ మిగిలినది యెలుక కొట్టినదియు, నీరు నిలిచినదియు, తూనికలో పొరపాటును, ఇట్టి కారణము తెలియని యాదృచ్ఛిక భేదము. మూడు వాటాలును కూడిన మరల 158. అన్నదమ్ముల పంపకమువలె గింజ తప్పిపోలేదు.

ఇక భాగహారము. నలుగురన్నదమ్ముల మొత్తము తెలిసి, మువ్వురి వాటాలు తెలిసినచో, నాలుగవది తానే తెలియును. అట్లే నాలుగు రకములలో స్వతంత్రమైన భేదములు మూడే. 90ని 3చే భాగింపగా 30. అదే న్యాయమున మిగులు వాటాలో స్వతంత్రములు మూడు రెండ్లు ఆఱు. 36ను 6చే భాగింపగా 6. ఈ 6 యాదృచ్ఛిక విస్తృతి.

ఇచ్చటనే తొందరపడినవారు మోసపోవుదురు. 30 యంతయు బీజముదే యనుకొందురు. కాదు. నాలుగు రకములును ఒక్క బీజమే యైనను, మడుల తారతమ్యముచే వాని సగటులు కొంత వేఱగును. అప్పుడును అచ్చట ఇంచుమించు 6 కనబడును. కావున 30 నుండి 6 తీసివేయవలెను. మిగిలిన 24 మూడు మాఱులు విత్తుటచే మూడింతలై కనబడుచున్నది. దానిని 3చే భాగింపగా 8. ఈ 8 బీజమువలన కలిగిన విస్తృతి.

ఇప్పుడు నిష్పత్తి. ఒక్క మడిలో కనబడు భేదము బీజము 8, యాదృచ్ఛికము 6, కలిపి 14. అందు బీజము వంతు 14లో 8, అనగా నూటికి సుమారు 57. మూడు మడుల సగటును చూచినచో యాదృచ్ఛికము మూడవ వంతుకు తగ్గి 2 అగును. బీజము 8 అట్లే యుండును. కలిపి 10. అందు బీజము వంతు నూటికి 80. ఈ నిష్పత్తినే శాస్త్రజ్ఞులు హెరిటబిలిటీ యందురు. మనము అనువంశికత యనవచ్చును. మరల మరల విత్తినకొలది మన చూపు నిర్మలమై, బీజము నిజస్వరూపము తేటపడునని దీని తాత్పర్యము.

ఈ నిష్పత్తి గృహస్థునకు ఎట్లు పనికివచ్చును? మూడవ రకము సగటున 26 పండినది. అందఱి సగటుకంటె 4 యెక్కువ. వచ్చు పంటలోను 4 యెక్కువ వచ్చునని యాశపడరాదు. నాలుగులో నూటికి 80 వంతులు, అనగా 3.2 మాత్రమే బీజము చలువ యని యెంచవలెను. తక్కినది ఆ యేటి యదృష్టము. కావున 26 కాక 25.2 మాత్రమే ఎదురుచూడదగినది. అదృష్టమును విత్తనమువలె గాదెలో దాచుకొనలేము గదా. నా మడిలోని యేరిన దుబ్బులకు ఈ నిష్పత్తి సున్న. సున్నచే గుణించిన లాభము సున్నయే. నేను నా శిష్యునికి రెండు మూడు బస్తాలని చెప్పిన మాటలోని తప్పు ఇదియే.

పెద్దలు గమనింపదగిన సంగతులు మఱి మూడు కలవు. మొదటిది: అనువంశికత రాతి బరువువలె స్థిరమైనది కాదు. అది ఆ రకములకు, ఆ నేలకు, ఆ యేటికి చెందిన నిష్పత్తి. చెదరుమదరు నేలలో అది తగ్గును. సమమైన నేలలో పెరుగును. ఒకదానికొకటి దగ్గఱి చుట్టములైన రకములను పోల్చిన తగ్గును. దూరపు వంశములను పోల్చిన పెరుగును. రెండవది: ఒక్క యూరిలో, ఒక్క యేడు చేసిన పరీక్షలో, ఆ యూరి నేలకు ప్రత్యేకముగా నచ్చిన గుణము కూడ బీజము ఖాతాలోనే పడును. అందుచే మన 8లోను కొంత పొల్లుండవచ్చును. దానిని వేఱుచేయుటకే పరిశోధకులు పలు జిల్లాలలో, పలు సంవత్సరములు పరీక్షింతురు. నాలుగు రకములతో తేలిన విస్తృతిని నమ్ముకొనక, పదులకొలది వంశములను పోల్చుదురు. మూడవది: వరివంటి శుద్ధవంశములలో బీజము వంతంతయు సంతతికి చేరును. మొక్కజొన్నవంటి పరసంపర్కపు పంటలలో తల్లిదండ్రుల గుణములు ప్రతి తరమునను విడిపోయి క్రొత్తగా కలియుటచే, అందొక భాగము మాత్రమే చేరును. సంకర విత్తనపు పంటలోని గింజను మరల విత్తిన మునుపటి బలము రాకుండుటకు ఇదియే కారణము.

ఈ లెక్క పట్టణపు పండితులకే గాని మనకేల యని యనుకొనవలదు. మీ యూరిలోనే దీనిని చేయవచ్చును. క్రొత్త విత్తనమును చేనంతయు నింపక ముందు, మీ పాత రకముతో కలిపి మూడు నాలుగు రకములు తీసికొనుడు. చేనిలో ఎగువన, నడుమ, దిగువన, మఱియొక చోటను సమానమైన చిన్న మడులు కట్టుడు. ప్రతి చోటను చీట్లు వేసి, ఏ మడికి ఏ రకమో నిర్ణయించుడు. ఒకే దినమున ఊడ్చి, ఒకే మేర నీరును ఎఱువును పెట్టుడు. గట్టు వరుసలను విడిచి లోపలి పంటనే కోయుడు. సమానముగ ఎండబెట్టి వేఱువేఱుగా తూచి వ్రాసికొనుడు. లెక్క వేయుటకు బడిలో చదువుకొన్న మనుమడో మనుమరాలో ఇంటనే యుందురు.

విత్తనమమ్మవచ్చిన వానిని నాలుగు ప్రశ్నలడుగుడు. ఎన్ని చోట్ల పండించిరి? ప్రతి చోటను ఎన్ని మడులలో? ఎన్ని సంవత్సరములు? దేనితో పోల్చిరి? వీనికి సమాధానము లేనిచో, ఎంత గొప్ప వెన్నును చూపినను, అది చోటు ఘనతయో బీజము ఘనతయో అతనికే తెలియదని గ్రహింపుడు. ఇట్లనుటచే విత్తనమును ఏరుట మానుడని నేను చెప్పుట లేదు. కేళీలను తీసివేయుట, తెగులు తగిలినదానిని, తాలును తొలగించి గట్టిగింజను దాచుట ఎప్పటికిని మంచిపనియే. అది వంగడము శుద్ధిని, మొలకను కాపాడును. వంగడమును మార్చదు.

ఇక నా శిష్యుని సంగతి చెప్పి ముగింతును. కౌలు హెచ్చువలన అతనికి ఆఱు బస్తాలు పోయినవి. విత్తనమునకు నాకు మిగులుగా కొలిచినది ఒకటి. మొత్తము ఏడు. ఆ ఏడు బస్తాలను బండికెత్తించి అతని యింటికి తీసికొనిపోయితిని. అతడు చేతులు జోడించి, “ఇది నేను పుచ్చుకొనరాదండీ, మీరు చదువు చెప్పినవారు” అనెను. “అందుకే పుచ్చుకొనుము, నాయనా! ఇది దైవాధీనము కాదు, నా లెక్కతప్పు. తప్పిన లెక్కను దిద్దవలసినవాడు గురువే” అని చెప్పి దింపించితిని. యజమాని యొద్దకును ఇరువురము కలిసి పోయితిమి. జరిగినది విని ఆయన మఱుసటి యేటినుండి పాత కౌలునకే సమ్మతించెను.

ఆ మీది పంటకు అతని చేనిలోనే నాలుగు చోట్ల చీట్లు వేసి మడులు కట్టితిమి. చీట్లు తీసినది అతని కూతురు. తూచినది అతడు. వ్రాసినది నేను. నా యేరిన విత్తనమును కూడ అందొక రకముగా వేయించితిని. అది రెండు చోట్ల మామూలు సాంబ మసూరికి కొంచెము పైనను, రెండు చోట్ల కొంచెము క్రిందను నిలిచెను. సగటు చూడగా రెంటికిని చెప్పదగిన భేదమే లేదు. అతడా కాగితమును చూచి నవ్వెను. నేనును నవ్వితిని.

బీజమా, క్షేత్రమా యని యిక నెవరైన నన్నడిగినచో, మరల విత్తి చూచి చెప్పెదనందును. సెలవు.